నీటి ఒడ్డు కాలనీల్లో కుక్కల భద్రత: ఆసుపత్రికి చేరేలోపే తేలిపోయే సంగతులు

సముద్రపు పాయకో, నదికో, సరస్సుకో ఆనుకుని కట్టుకున్న ఖరీదైన కాలనీల్లో కుక్కకు వైద్యం దొరకదన్న బెంగ ఉండదు. దగ్గర్లోనే క్లినిక్, కాస్త ముందుకెళ్తే రాత్రంతా తెరిచి ఉండే ఎమర్జెన్సీ ఆసుపత్రి, గుండెకీ కళ్లకీ ఎముకలకీ వేర్వేరు నిపుణులు. చాలామందికి ఇన్సూరెన్స్ కూడా ఉంటుంది. మనుషులకు చేసే ఎమ్మారై, సీటీ స్కాన్, డయాలసిస్ ఇప్పుడు కుక్కలకీ చేస్తున్నారు. ఇన్ని ఉన్నా ఇలాంటి చోట్ల కుక్కలకు ముంచుకొచ్చే ప్రమాదాలను వరసగా చూస్తే, చాలావరకు ఆ ప్రాంతపు అందం చుట్టూనే ఉంటాయి. నిట్టనిలువుగా కట్టిన ఒడ్డు గోడ, పెరటి వెనక పడవల రేవు, ఎరువు వేసి పెంచిన పచ్చిక, ఆ ఎరువు కొట్టుకుపోయి చేరే చెరువు, గ్యారేజీలో పడవకు వాడే రసాయనాలు.

ఇక్కడ వైద్యానికి ఖర్చు పెట్టడానికి ఎవరూ వెనకాడరు. అయితే కుక్క బతుకుతుందా లేదా అన్నది చాలాసార్లు దాన్ని కారెక్కించేలోపే తేలిపోతుంది. ఆ కాస్త సమయంలో ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం ఏ ఇన్సూరెన్స్ పాలసీకన్నా అక్కరకొస్తుంది.

ముందు ఒడ్డు గోడ సంగతి. సహజమైన ఒడ్డు వాలుగా ఉంటుంది. ఏ జంతువైనా నీళ్లలోకి దిగిన దారినే నడిచి బయటికి రాగలదు. ఇళ్ల స్థలం కోసుకుపోకుండా, పడవ నేరుగా పెరటి దాకా వచ్చి ఆగేందుకు వీలుగా, ఆ వాలు తీసేసి కాంక్రీటుతోనో స్టీలు పలకలతోనో నిలువు గోడ కడతారు. మనుషుల కోసం నిచ్చెన పెడతారు. నిలువు నిచ్చెన ఎక్కడం కుక్క వల్ల కాదు.

జరిగేది ఇలా ఉంటుంది. రేవు మీద చెక్క తడిగా ఉంటుంది. పక్షి వెంట పరిగెత్తిన కుక్క అంచు దగ్గర జారి నీళ్లలో పడుతుంది. పెద్ద చప్పుడేమీ రాదు. పైకి తేలి, పడిన చోటికే తిరిగి వస్తుంది. దానికి తెలిసిన దారి అదొక్కటే మరి. ముందు కాళ్లు గోడకు ఆనించి గీకుతుంది. గోడకు అతుక్కున్న పదునైన గుల్లలు పాదాల మెత్తలను కోసేస్తాయి, గోళ్లు చీలిపోతాయి. ఒళ్లు నిలువుగా తిరిగేసరికి వెనక భాగం మునుగుతుంది, ఈదడం ఇంకా కష్టమవుతుంది. అప్పుడు అది మొరగదు. ముక్కు నీటి పైన ఉంచుకోవడానికే ఊపిరి చాలదు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఏమీ వినపడదు. కొద్ది గజాల అవతల పడవలు దించే వాలు ఉన్నా, అక్కడికి వెళ్లాలని దానికి తోచదు. బాగా ఈదగలిగిన కుక్కలు కూడా ఇలాగే అలిసిపోయి మునిగిపోతాయి.

అందుకే ఈత వచ్చిన కుక్కే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఈత రావడం వేరు, బయటికి వచ్చే దారి తెలియడం వేరు. గోడకు ఒకచోట తేలే మెట్టో, కుక్కలు ఎక్కగల వాలు పలకో బిగించాలి. బిగించి ఊరుకుంటే సరిపోదు. లైఫ్ జాకెట్ వేసి, తాడు పట్టుకుని, కుక్కను రేవు చుట్టూ వేర్వేరు చోట్ల నీళ్లలోకి దించి, ప్రతిసారీ ఆ మెట్టు దగ్గరికే తీసుకెళ్లి ఎక్కించాలి. ఎక్కడ పడినా అటే తిరగడం అలవాటయ్యే వరకూ ఇది చేయించాలి, ఏటా వేసవి మొదట్లో మళ్లీ చేయించాలి. స్విమ్మింగ్ పూల్‌కీ ఇదే వర్తిస్తుంది. పూల్ మీద పరిచే తేలికపాటి ప్లాస్టిక్ షీటు ఇంకో ఉచ్చు. నేలనుకుని దాని మీద అడుగు పెట్టిన కుక్క షీటు కిందికి జారుతుంది, పైకి తేలే దారి మూసుకుపోతుంది. కంచె, తనంతట తాను మూసుకునే గేటు పిల్లల కోసమే అనుకుంటారు గానీ కుక్కకూ అంతే అవసరం.

లైఫ్ జాకెట్ కొనేటప్పుడు రంగు, డిజైన్ కన్నా వీపు మీద ఉండే పట్టీని చూడాలి. ఆ పిడితోనే కుక్కను గోడ మీదుగా పైకి లాగుతారు. కాలర్ పట్టుకుని లాగితే మెడ బిగుసుకుంటుంది. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పగ్ లాంటి పొట్టి మూతి జాతులకు తల బరువెక్కువ, కాళ్లు పొట్టి. మూతిని నీటి పైన ఉంచాలంటే ఒళ్లంతా నిలువుగా నిలబెట్టాలి. వీటిని జాకెట్ లేకుండా నీటి అంచుకు వదలడం సరికాదు. వయసు మీరినవీ, చూపు తగ్గినవీ, ఫిట్స్ జబ్బు ఉన్నవీ అంతే.

రేవు దగ్గర కంటికి కనిపించని ఇంకో ప్రమాదం కరెంటు. పడవకు ఒడ్డు నుంచి ఇచ్చే విద్యుత్ కనెక్షన్‌లో లోపం ఉంటే చుట్టుపక్కల నీళ్లలోకి కరెంటు కారుతుంది. ఉప్పునీటిలో కన్నా మంచినీటిలో ఇది ఎక్కువ ప్రమాదకరం. మంచినీటి కన్నా ఒంట్లోంచే కరెంటు సులువుగా పోతుంది కాబట్టి, దాని దారి కుక్క ఒంట్లోంచో మనిషి ఒంట్లోంచో అవుతుంది. కండరాలు బిగుసుకుపోయి ఈదలేక మునిగిపోతారు. రేవు దగ్గర ఈదుతున్న కుక్క ఉన్నట్టుండి కుయ్యోమని అరిచినా, కొయ్యబారిపోయినా వెంటనే నీళ్లలోకి దూకకూడదు. మొదట మెయిన్ స్విచ్ ఆపాలి. తర్వాత కర్రతోనో తాడుతోనో లాగాలి. కుక్కను కాపాడబోయి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఉన్నాయి. లీకేజీ ఉంటే సరఫరా ఆపేసే బ్రేకరు పెట్టించడం, ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో రేవు వైరింగు చూపించడం కాలనీ నియమాల్లో రాసి ఉండాల్సిన విషయాలు.

మునిగిన కుక్కను బయటికి తీశాక చాలామంది కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపుతారు. దాని వల్ల ఊపిరితిత్తుల్లోని నీరు రాదు, సమయం పోతుంది, కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారే ముప్పు కూడా ఉంది. కుక్కలకు సీపీఆర్, అంటే గుండె, ఊపిరి ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స, ఎలా చేయాలో రికవర్ అనే నిపుణుల బృందం 2012లో మార్గదర్శకాలు ఇచ్చి, 2024లో సవరించింది. కుక్కకు స్పృహ లేకుండా, ఊపిరి ఆడకుండా ఉంటే పక్కకు పడుకోబెట్టి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 30 నొక్కులకు ఒకసారి నోరు మూసి పట్టుకుని ముక్కులోకి రెండుసార్లు ఊదాలి. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

కుక్క లేచి తోక ఊపితే అంతా అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీరు అక్కడి సున్నితమైన పొరను దెబ్బతీస్తుంది. ఆ వాపు బయటపడడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరైన ప్రతి కుక్కనూ ఆ రోజే వెట్‌కు, అంటే పశువైద్యుడికి చూపించి, ఒక రోజంతా ఊపిరి తీరును గమనించాలి. పడుకుని ఉన్నప్పుడు నిమిషానికి ఎన్ని శ్వాసలు తీస్తుందో లెక్కపెట్టడం ఇంట్లో ఎవరైనా చేయగలరు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నిద్రలో 30కి లోపే తీస్తుంది. ఆ సంఖ్య గంట గంటకూ పెరుగుతుంటే ఆగకూడదు.

ఇక నాచు. దీని గురించి తెలిసినవాళ్లు చాలా తక్కువ, చంపేది మాత్రం చాలా వేగంగా. పచ్చిక నిగనిగలాడాలని వేసే ఎరువులోని నత్రజని, భాస్వరం వాన నీటితో చెరువులోకి చేరతాయి. ఎండ, కదలని నీరు తోడైతే సయానోబ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది. చూడడానికి నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు ఉంటుంది. అందరూ నీలి ఆకుపచ్చ నాచు అంటారు గానీ అది నిజానికి బ్యాక్టీరియా. ఇది కొత్తగా వచ్చిన బెడద కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు నీళ్లు తాగి గొర్రెలు, గుర్రాలు, పందులు, కుక్కలు చనిపోయాయని జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన 1878లోనే నేచర్ పత్రికకు రాశారు.

అన్ని రకాలూ విషం తయారు చేయవు. చేసేదేదో, చేయనిదేదో కంటితో చూసి చెప్పలేం. విషాల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. మైక్రోసిస్టిన్ లివర్‌ను దెబ్బతీస్తుంది. వాంతులు, నీరసం, తెల్లబడిన చిగుళ్లు, తర్వాత కామెర్లు, రక్తం గడ్డకట్టకపోవడం. ఇది గంటల నుంచి రోజుల వ్యవహారం. అనాటాక్సిన్ నరాల మీద పనిచేస్తుంది. ఒళ్లు వణకడం, తూలడం, ఊపిరి కండరాలు పనిచేయకపోవడం నిమిషాల్లో మొదలై, గంటలోపే ప్రాణం పోవచ్చు. రెంటికీ సూటిగా విరుగుడు లేదు. మైక్రోసిస్టిన్ సోకిన ఒక కుక్కను అమెరికాలోని మోంటానాలో కొలెస్టైరమిన్ అనే మందుతో బతికించిన కేసు వైద్య పత్రికల్లో ఉంది. అయితే అలాంటి ఒక్క కేసును నమ్ముకుని చెరువులోకి వదలలేం కదా.

కుక్క ఒంటికి ఇది ఎలా చేరుతుందో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. ఒడ్డున గాలికి కొట్టుకొచ్చి చేరిన చిక్కటి తెట్టులోనే విషం ఎక్కువ. కుక్క దిగేదీ ఒడ్డునే, తాగేదీ అక్కడే. బయటికి వచ్చాక బొచ్చు నాక్కుంటుంది. నీళ్లు తాగిన దానికన్నా బొచ్చు నాకినప్పుడు లోపలికి పోయేది ఎక్కువ కావచ్చు. కాబట్టి అనుమానం ఉన్న నీళ్లలోంచి వచ్చిన కుక్కను నాకనివ్వకుండా పట్టుకుని, చేతులకు గ్లౌజులు వేసుకుని, కుళాయి నీళ్లతో వెంటనే కడగాలి. కడుగుతున్నప్పుడే తూలడం, వణకడం మొదలైతే కడగడం మానేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

నీళ్లు తేటగా ఉన్నాయన్న నమ్మకం కూడా కుదరదు. కొన్ని రకాలు నది అడుగున రాళ్ల మీద చాపలా పెరుగుతాయి. నీటిమట్టం తగ్గినప్పుడు ఆ చాపలు ఊడి ఒడ్డుకు చేరతాయి. ఎండిన తర్వాత కూడా వాటిలో విషం ఉంటుంది, వాటి వాసనకు కుక్కలు ఎగబడతాయి. 2005లో న్యూజీలాండ్‌లోని హట్ నది ఒడ్డున కుక్కలు చనిపోయింది ఇలాగే. పైనున్న నీరు తేటగానే ఉంది. ఒడ్డున పడి ఉన్న దేన్నైనా నోట పెట్టుకోనివ్వకూడదన్న నియమానికి సముద్ర తీరమూ మినహాయింపు కాదు. 2009లో అదే దేశంలో ఆక్లాండ్ దగ్గరి హౌరాకి గల్ఫ్ తీరాల్లో కుక్కలు ఉన్నట్టుండి చనిపోతుంటే, ఒడ్డుకు కొట్టుకొచ్చిన బూడిదరంగు సముద్రపు నత్తల్లో టెట్రోడోటాక్సిన్ ఉందని తేలింది. పఫర్ చేపలో ఉండే విషం అదే. “వదిలెయ్” అంటే నోట్లోది వదిలేసేలా నేర్పించడం సరదాకి చేయించే విన్యాసం కాదు. ఈ ప్రాంతాల్లో అది ప్రాణం కాపాడే చదువు.

ఉప్పునీటి సంగతి కొంచెం వేరు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అలల్లో బంతి తెస్తూ గుటకలు గుటకలుగా మింగే కుక్కకు మొదట విరేచనాలు, తర్వాత వాంతులు, మరీ ఎక్కువైతే తూలడం, ఫిట్స్. పావుగంటకోసారి నీళ్ల నుంచి పిలిచి మంచినీళ్లు పట్టడం తేలికైన మందు. ఫిట్స్ దాకా వచ్చాక ఇంట్లో బకెట్లకొద్దీ నీళ్లు తాగించడం ప్రమాదం, సోడియం ఎంత వేగంతో తగ్గించాలన్నది రక్త పరీక్ష చేస్తూ ఆసుపత్రి చూసుకోవాల్సిన పని. సరస్సుల్లో దీనికి తలకిందులైన సమస్య వస్తుంది. నోరు తెరిచి కర్రల కోసం పదే పదే దూకే కుక్క మంచినీటిని అతిగా మింగేస్తుంది. రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. పొట్ట ఉబ్బడం, చొంగ కారడం, చూపు మసకబారినట్టు ఉండడం, నడక తడబడడం కనిపిస్తే ఆట అలసట అనుకుని పడుకోబెట్టకూడదు.

పక్కమాటగా ఒకటి. చల్లటి నీళ్లలో బాగా ఈదిన మర్నాడు లాబ్రడార్ లాంటి కుక్కల తోక చచ్చుపడినట్టు వేలాడుతుంది. తోక విరిగిందని ఇంట్లోవాళ్లకు చెప్పలేనంత టెన్షన్. ఇది తోక కండరాలు పట్టేయడం వల్ల వచ్చేది, చాలావరకు కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. నొప్పి ఎక్కువగా ఉంటే వెట్ మందు ఇస్తారు. మనుషుల నొప్పి బిళ్లలు మాత్రం వేయకూడదు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపునీ కిడ్నీలనీ పాడుచేస్తుంది.

చేపల గాలం మింగిన కుక్క నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగకూడదు, మొదలంటా కత్తిరించేయకూడదు. లాగితే కొక్కెం లోపల చీలుస్తుంది. దారం కొస ఉంటే ఆ ఆనవాలుతో ఎండోస్కోపీ ద్వారా తీయడం డాక్టరుకు సులువవుతుంది.

నీటి నుంచి ఇంటివైపు వస్తే, గ్యారేజీ, తోట. ఇక్కడి విషాలతో వచ్చే చిక్కల్లా అవి తిన్న గంటకీ జబ్బు కనిపించే గంటకీ మధ్య ఉండే ఖాళీ. ఎలుకల మందు మంచి ఉదాహరణ. నీటి ఒడ్డున ఎలుకలు ఎక్కువ, అందుకని చాలా ఇళ్ల చుట్టూ మందు డబ్బాలు ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం తిన్న కుక్క 3 నుంచి 5 రోజులు హాయిగా ఆడుకుంటుంది. ఒంట్లో ఉన్న గడ్డకట్టే పదార్థాలు అయిపోయాక లోపల రక్తస్రావం మొదలవుతుంది. తిన్న రోజునే వెళ్తే వాంతి చేయించి, విటమిన్ కె1 బిళ్లలు వాడిస్తే సరిపోయే కేసు, ఐదో రోజు వెళ్తే రక్తం ఎక్కించే కేసు అవుతుంది. బ్రోమెథాలిన్ అనే ఇంకో రకం మెదడును దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు, విటమిన్ కె1 దాని మీద పనిచేయదు. అందుకే డబ్బా మీద ఏం రాసి ఉందో ఫొటో తీసి పెట్టుకోవాలి. పురుగుల నివారణ కంపెనీని పిలిచినప్పుడు ఏ మందు పెట్టారో కాగితం మీద రాయించుకోవాలి. పక్కింటివాళ్లు ఏం పెట్టారో కూడా అడగాలి, ఎందుకంటే కుక్కకు సరిహద్దు గోడ తెలియదు.

ఇంజిన్‌లో నీరు గడ్డకట్టకుండా కలిపే యాంటీఫ్రీజ్ ఇంకా మోసకారి. కార్లలో వాడే రకంలో ఎక్కువగా ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, రుచి తియ్యగా ఉంటుంది. తాగిన కుక్క మొదట కొన్ని గంటలు తాగుబోతులా తూలుతుంది. తర్వాత కోలుకున్నట్టే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా అప్పుడే లోపల కిడ్నీలు పాడవుతుంటాయి, ఒకటి రెండు రోజుల్లో మూత్రం ఆగిపోతుంది. ఫోమెపిజోల్ అనే విరుగుడు 8 నుంచి 12 గంటల లోపు పడితేనే గట్టి ఆశ. చలికాలంలో పడవ ఇంజిన్లకు పోసే వాటిలో ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినవి దొరుకుతాయి, వాటి విషం చాలా తక్కువ. కొనేటప్పుడు లేబుల్ చదివి ఆ రకం ఎంచుకోవడం ఒక్క నిమిషం పని.

తోటలో సాగో పామ్ అందంగా ఉంటుందని చాలామంది పెంచుతారు. దాని ప్రతి భాగమూ విషమే, గింజలు మరీనూ. లివర్ చెడిపోతుంది. గన్నేరు గుండె లయను దెబ్బతీస్తుంది. మెటాల్డిహైడ్ ఉన్న నత్తల మందు తింటే ఒళ్లు వణుకుతూ జ్వరం పెరిగిపోతుంది. ఇంట్లో చక్కెర లేని చూయింగ్ గమ్, కొన్ని రకాల వేరుశనగ వెన్నల్లో ఉండే జైలిటాల్ అరగంటలోనే రక్తంలో చక్కెర పడగొట్టగలదు. ఏ విషమైనా, ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించే పాత పద్ధతి వద్దు, ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది. పెట్రోలు, యాసిడ్ లాంటివి తాగితే వాంతి చేయించనే కూడదు. ముందు ఫోన్, తర్వాతే ఏదైనా.

ఎండదెబ్బ విషయంలో పాత సలహా మారింది. పూర్వం తడి గుడ్డ కప్పి ఆసుపత్రికి పరిగెత్తమనేవారు. ఇప్పుడు బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు సహా చాలామంది నిపుణులు చెప్పేది ముందు చల్లబరచండి, తర్వాత బయల్దేరండి అని. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. 41 దాటితే అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది, ప్రతి నిమిషమూ లెక్కే. ఒంటి మీద చల్లటి నీళ్లు ధారగా పోస్తూ గాలి తగిలించాలి. తడి తువాలు కప్పి వదిలేస్తే అది వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. పొట్టి మూతి కుక్కలకు నీటి ఒడ్డున గాలి చల్లగా ఉన్నా, ఉక్కపోత ఉంటే ప్రమాదమే, ఎందుకంటే అవి రొప్పడం ద్వారానే చల్లబడాలి, ఆ దారే వాటికి ఇరుకు.

వ్యాక్సిన్లలో ఇక్కడ ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం. ఎలుకలు, ఇతర అడవి జంతువుల మూత్రం కలిసిన తడి నేల, నిల్వ నీరు దీని స్థావరం. కిడ్నీలనూ లివర్‌నూ దెబ్బతీస్తుంది, కుక్క నుంచి మనుషులకూ అంటుకుంటుంది. ఇది పల్లెల్లో వేటకుక్కలకు వచ్చే జబ్బు అన్న నమ్మకం చాలాకాలం ఉంది. 2021లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో 200కు పైగా కుక్కలకు సోకింది. వాటిలో ఎక్కువ భాగం పగటిపూట కుక్కలను చూసుకునే డాగ్ డేకేర్‌కో, కొన్ని రోజులు ఉంచుకునే బోర్డింగ్‌కో వెళ్లినవి. అంటే చెరువు ముఖం చూడని కుక్కకు కూడా రావచ్చు. 2023లో అమెరికా పశువైద్య నిపుణుల సంస్థ ఏసీవీఐఎం వెలువరించిన ఏకాభిప్రాయ నివేదిక, జాతి ఏదైనా, జీవనశైలి ఏదైనా కుక్కలన్నిటికీ ఏటా ఈ టీకా వేయించమంది. మొదటిసారి 2 నుంచి 4 వారాల తేడాతో రెండు డోసులు పడాలి. ఒక్క డోసు వేయించి మర్చిపోతే రక్షణ రాదు. డేకేర్ ఎంచుకునేటప్పుడు అక్కడి ఫర్నిచర్ కన్నా, ఈ టీకా తప్పనిసరి చేశారా, మూత్రం పడిన నేలను దేనితో కడుగుతున్నారు అని అడగడం మేలు.

ఊరిని బట్టి ఈ జాబితా మారుతుంది. ఫ్లోరిడాలో మొసళ్ల జాతికి చెందిన ఆలిగేటర్లు, విషపు కేన్ కప్పలు. తూర్పు ఆస్ట్రేలియా తీరంలో పక్షవాతం తెప్పించే గోమార్లు. అమెరికా వాయవ్య తీరంలో పచ్చి సాల్మన్ చేప తిన్న కుక్కలకు వచ్చే ప్రాణాంతక ఇన్ఫెక్షన్. కొత్త ఇంటికి మారిన వారంలోనే అక్కడి వెట్‌ను అడగాల్సిన ప్రశ్న, ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా ఏ జబ్బులు చూస్తున్నారు అన్నది.

ఆసుపత్రుల విషయానికొస్తే, క్లినిక్ ఎవరిదన్నది కూడా తెలిసి ఉండాలి. బ్రిటన్‌లో 2013లో 10 శాతంగా ఉన్న, చాలా క్లినిక్‌లను నడిపే పెద్ద గ్రూపుల వాటా 2024 నాటికి సుమారు 60 శాతానికి చేరిందని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ చెప్పింది, 2024 మే నెలలో పూర్తిస్థాయి విచారణ మొదలుపెట్టింది. చాలాచోట్ల బోర్డు మీద పాత పేరే ఉంటుంది కాబట్టి యాజమాన్యం మారిన సంగతి ఇంట్లోవాళ్లకు తెలియదు. గ్రూపు క్లినిక్‌లన్నీ చెడ్డవని కాదు. కొన్నిటికి యంత్రాలు, రాత్రి డ్యూటీ డాక్టర్లు బాగా ఉంటారు. కానీ ఏ పరీక్ష ఎందుకు రాశారు, అది చికిత్సను ఎలా మారుస్తుంది, ఆగి చూస్తే ఏమవుతుంది అని అడిగే హక్కు ఎక్కడైనా ఉంది. ఇంకా ముఖ్యమైన ప్రశ్నలు జబ్బు రాకముందే అడగాలి. రాత్రి డాక్టరు అక్కడే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? ఫోమెపిజోల్ స్టాకు ఉందా? రక్తం ఎక్కించగలరా? వెంటిలేటర్ ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? ఈ నాలుగింటికి జవాబు తెలిసినవాళ్లు ప్రమాదం జరిగిన రాత్రి సరైన చోటికే నేరుగా వెళ్తారు.

డబ్బు ఉండడం వల్లే వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. ఖరీదైన, ధాన్యం లేని, పప్పుధాన్యాలు ఎక్కువగా వేసిన ఆహారం తింటున్న కొన్ని కుక్కల్లో గుండె కండరం బలహీనపడుతోందన్న ఫిర్యాదులపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలో హెచ్చరిక ఇచ్చింది. ఆహారమే కారణమని తేలలేదు. అయినా ధర ఎక్కువైతే ఆరోగ్యం ఎక్కువన్న లెక్కకు ఆధారం లేదన్నది మాత్రం స్పష్టం. దానికన్నా గట్టి ఆధారం ఉన్న విషయం చాలా సాదాది. 2002లో ప్రచురించిన అధ్యయనంలో 48 లాబ్రడార్లను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు ఆలస్యంగా వచ్చాయి. లావైన కుక్కకు ఎండదెబ్బ త్వరగా తగులుతుంది, నీళ్లలోనూ త్వరగా అలుస్తుంది. కాబట్టి ఇది కూడా భద్రత లెక్కలోకే వస్తుంది.

చివరిగా, ఒక్క ఇంటివాళ్లు చేయలేనివి, కాలనీ కలిసి చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉమ్మడి ఒడ్డు గోడ పొడవునా అక్కడక్కడ జంతువులు ఎక్కగల వాలు మెట్లు. వేసవిలో చెరువు నీటిని నాచు విషాల కోసం పరీక్ష చేయించి, ఫలితాన్ని దారి మొదట్లోనే బోర్డు మీద రాయడం. వీటన్నిటికన్నా మూలానికి తగిలే పని, చెరువు చుట్టూ కొన్ని అడుగుల వెడల్పున గడ్డిని కోయకుండా, ఎరువు వేయకుండా ఎత్తుగా పెరగనివ్వడం. కొందరికి అది చూడ్డానికి శుభ్రంగా అనిపించదు, సంఘం మీటింగుల్లో వాదనలు వస్తాయి. కానీ పచ్చిక నుంచి జారే భాస్వరాన్ని ఆ గడ్డి వేర్లు చాలావరకు ఆపేస్తాయి. ఎత్తు గడ్డిలో నక్కలాంటివి పొంచి ఉంటాయన్న భయంతో బాతులు, గూస్ పక్షులు అటువైపు రావడం తగ్గుతుంది, వాటి రెట్టతో నీటికి చేరే ఎరువూ తగ్గుతుంది. నీటి అంచు గుబురుగా ఉంటే కుక్కలు ఎక్కడపడితే అక్కడ దిగలేవు, దారి వదిలిన ఒకటి రెండు చోట్లే దిగుతాయి. ఆ ఒకటి రెండు చోట్ల తెట్టు ఉందో లేదో రోజూ పొద్దున్నే ఒకరు చూసి రాగలరు.